గాలి తగిలిన పిల్ల

మా బావగారు రదోయిట్సా మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. తాగి గొడవ చెయ్యరు, పక్కవాళ్ళ పొలం గట్టు జరపరు, కూర బాగుంటే బాగుందని అనరు గానీ గిన్నె మాత్రం ఖాళీ చేస్తారు. ఒక్క కిటికీలు తియ్యనివ్వరు. అంతే. జూలై నెలలో, గోడలకి కూడా చెమట పడుతున్న మధ్యాహ్నం నేను వంటింటి కిటికీ కాస్త తీశానంటే, ముందుగదిలోంచి "ప్రొమాయ!" అని కేక వినిపిస్తుంది, ఇంట్లోకి పాము దూరినట్టు.

ప్రొమాయ అంటే ఎదురెదురు కిటికీల మధ్య నడిచే గాలి. మా సెర్బియా వాళ్ళు యుద్ధాలకి తట్టుకున్నారు, వరదలకి తట్టుకున్నారు, ఈ గాలికి మాత్రం తట్టుకోలేరు. మెడ పట్టేస్తే ప్రొమాయ. పన్ను లాగితే ప్రొమాయ. మా మామగారు గుండెపోటుతో పోయారు కదా, మా అత్తగారు క్రూనియా ఇప్పటికీ ఆ రోజు బస్సు నడిపిన డ్రైవర్ని తిట్టుకుంటుంది, వెనక అద్దం తెరిచి ఉంచాడని. కొడుక్కి ఈ విద్య ఎక్కడ అబ్బిందో వేరే చెప్పక్కర్లేదు.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద అత్తగారు, బావగారు, నా తోడికోడలు ఓల్గిత్సక్క, వాళ్ళ కూతురు కలీనా. పైన నేనూ, మా ఆయన జివాదినూ, మా అమ్మాయి నెవెనా. పిల్లలిద్దరూ ఒకే ఈడు, ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీ. తేడా ఒక్కటే. నెవెనాకి చిన్నప్పుడు పడాల్సిన టీకాలన్నీ పడ్డాయి. కలీనాకి తట్టు టీకా ఒక్కసారి కూడా పడలేదు.

దానికి కారణం ఉంది. కలీనాకి ముందు ఓల్గిత్సక్కకి ఒక కాన్పు పోయింది. తరవాత కలీనా నెలలు నిండకుండా పుట్టింది, బావగారి అరచేతిలో ఇమిడేంత. ఆ పిల్ల ఊపిరి ఆడుతోందో లేదో చూడ్డానికి ఆయన రాత్రిళ్ళు ముక్కు దగ్గర చేతి అద్దం పెట్టి కూర్చునేవారు. సరిగ్గా టీకా వెయ్యాల్సిన ఏడాది, ఎక్కడో ఒక పిల్లాడు సూది తరవాత మాట పడిపోయాడని ఎవరో అన్నారు. ఇంకెవరో టీవీలో అన్నారు. "నా పిల్లకి ఏమన్నా అయితే వాళ్ళొచ్చి ఏడుస్తారా?" అన్నారు బావగారు. అంతే, ఆగిపోయింది. వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. ఆ వచ్చే ఏడాది ఎప్పుడూ రాలేదు. ఇంట్లో నానమ్మ ఉండగా కిండర్‌గార్టెన్ ఎందుకన్నారు కాబట్టి అక్కడా ఎవరూ అడగలేదు.

గట్టిగా అడిగింది ఈ శరదృతువులోనే. పక్క ఊళ్ళో తట్టు మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకి ఎలాగూ పద్నాలుగేళ్ళప్పుడు వేసే ధనుర్వాతం టీకా ఉంది. దాంతోపాటు తట్టు టీకా పడనివాళ్ళు కూడా వేయించుకోవాలి, తల్లిదండ్రులంతా రండి అని స్కూల్లో మీటింగ్ పెట్టారు.

పిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాం. స్కూలు డాక్టరు జోరిత్సా బోర్డు ముందు నిలబడి చెప్పింది. ఆమె నాతో చదువుకుంది, అప్పుడూ ఇలాగే ముక్కుసూటిగా ఉండేది.

"ఇది నేను పెట్టిన రూలు కాదు, చట్టం. చట్టం లేకపోయినా ఇదే చెప్పేదాన్ని," అంది.

"మా నానమ్మకి తట్టు పోసింది, తొంభై ఏళ్ళు బతికింది," అన్నాడు వెనక నుంచి ట్రాక్టర్ల మెకానిక్.

"ఆవిడ చెల్లెలో?" అంది ఆయన భార్యే. "సమాధుల దగ్గర ప్రతి ఏడూ ఆ చిన్న శిలువకి కూడా పువ్వులు పెట్టేది నేనే కదా."

మెకానిక్ నోరు మూసుకున్నాడు. కానీ తేనెటీగల జగోర్కా మూసుకోలేదు. "నా పిల్లలకి పొద్దున్నే చెంచాడు పుప్పొడి, రాత్రికి చెంచాడు తేనె. ఏ సూదీ లేకుండా ఎలా ఉన్నారో చూడండి."

"నీ పిల్లలకి టీకాలన్నీ పడ్డాయి జగోర్కా," అంది జోరిత్సా. "నేనే వేశాను."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో బావగారు లేచారు. ఆ బెంచీలోంచి లేవడం అంత తేలిక కాదు, పెద్దమనిషి, పక్కకి ఒరిగి బయటపడ్డారు.

"నవ్వండి," అన్నారు. "మా నాన్న పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడదు అన్నప్పుడు కూడా ఇలాగే ఒక మీటింగ్ పెట్టారు. బ్యాంకులో డబ్బు ఎక్కడికీ పోదు అన్నప్పుడు కూడా ఇదే గొంతుతో చెప్పారు. సర్కారు వాళ్ళు చెప్పారని నా కూతుర్ని తీసుకొచ్చి క్యూలో నిలబెట్టను. నా ఇంటి గుమ్మం లోపల ఏది ప్రమాదమో, ఏది కాదో నేను చూసుకుంటాను."

నవ్వినవాళ్ళే చప్పట్లు కొట్టారు. జోరిత్సా చేతిలోని సుద్దముక్క అక్కడ పెట్టేసింది. "చూసుకో రదోయిట్సా," అంది, అంతే.

ఇంటికొచ్చాక కలీనా నాతో మెట్ల దగ్గర అంది, "పిన్నీ, వచ్చే వేసవికి నాకు పదిహేను. అప్పుడు నేనే ఒప్పుకుని వేయించుకోవచ్చట. డాక్టరాంటీ చెప్పింది."

"వేసవి దాకా తట్టు ఆగుతుందని ఎవరన్నా చెప్పారా?" అన్నాను.

అది వెటకారంగా అన్నమాట. అలాంటివి నా నోట్లోంచి తరచు వస్తుంటాయి.

ఆ తరవాతి వారంలో హ్యాండ్‌బాల్ మ్యాచ్‌కి పిల్లలు బస్సులో పక్క ఊరు వెళ్ళొచ్చారు. గెలిచారు కూడా.

ఇప్పుడు మిత్రోవ్‌దాన్ సంగతి. మాలో ప్రతి ఇంటికీ ఒక పునీతుడు ఉంటాడు, ఆయన రోజున ఇల్లు తెరుస్తాం. దాన్ని స్లావా అంటాం, మా ఇంటిది నవంబరులో ఈ మిత్రోవ్‌దాన్ నాడు. పిలుపులు ఉండవు, గుర్తున్నవాళ్ళు వస్తారు, వచ్చినవాళ్ళని ఎవరూ వెనక్కి పంపరు. ఏ పగ ఉన్నా సరే ఆ రోజు తలుపు తీసే ఉంటుంది. ఇంటి పెద్ద ఆ రోజు కూర్చోడు, నిలబడే అందరికీ వడ్డిస్తాడు. మా ఇంటి పెద్ద కాబట్టి ఆ నిలబడడం బావగారిది. గుమ్మం దగ్గర ముందుగా ఉడికించిన గోధుమల ప్రసాదం పెట్టాలి, వాల్‌నట్ పొడి, చక్కెర కలిపి. ఆ పళ్ళెం పట్టుకునేది ఇంటి ఆడపిల్ల. కలీనా అడుగులు వేయడం నేర్చినప్పటి నుంచీ అది ఆమె పని. వచ్చినవాళ్ళు ఒక చెంచా తిని, ఆమె బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టి లోపలికి వస్తారు.

ఆ పొద్దున నేను కిందికి దిగేసరికి ఓల్గిత్సక్క పొయ్యి దగ్గర సర్మాల కుండ కదుపుతోంది, పులిసిన క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి ఉడికించే పండగ వంట. కళ్ళు నా వైపు తిప్పి, గొంతు తగ్గించింది. "కలీనాకి మొన్నటి నుంచి జ్వరం. దగ్గు. కళ్ళు చూడు."

కలీనా బల్ల దగ్గర కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతున్నాయి. కాళ్ళకి అత్తగారి వైద్యం, సాక్సుల్లో పచ్చి ఉల్లిపాయ ముక్కలు. వంటింట్లో సర్మాల వాసన ఎక్కడ మొదలవుతోందో, పిల్ల వాసన ఎక్కడ ముగుస్తోందో తెలియడం లేదు.

"బస్సు కిటికీ," అంది అత్తగారు. "పైగా తల తడిగా బయటికి వెళ్ళింది. మెదడుకి చల్లగాలి కొడితే ఇంతే."

"అత్తయ్యా, మ్యాచ్ అయి చాలా రోజులైంది."

"ప్రొమాయ ఎముకల్లో కూర్చుంటుందే. టైము చూసుకుని లేస్తుంది."

నేను పైకెళ్ళి జోరిత్సాకి ఫోన్ చేశాను. ఆదివారం, ఆమె కూడా ఏదో స్లావాకి తయారవుతోంది. జ్వరం, దగ్గు, కళ్ళు, అన్నీ చెప్పాను.

"బుగ్గ లోపల చూడు," అంది. "దవడ పళ్ళ ఎదురుగా. తెల్లగా రవ్వ చల్లినట్టు ఉందేమో."

కిందికి వచ్చి, కలీనా నోరు తెరవమని, ఫోన్ లైటు వేసి చెంచా వెనకతో బుగ్గ పక్కకి జరిపాను. ఎర్రటి చర్మం మీద తెల్లగా రవ్వ చల్లినట్టే ఉంది. ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాను.

"ఉందా?" అంది జోరిత్సా.

"ఉంది."

"పిల్లని ఒక గదిలో ఉంచండి, నేను సాయంత్రం వస్తాను. ఊపిరి కష్టమైతే ఆగకుండా ఆసుపత్రికి. బిసెర్కా, విను. టీకా పడిన పెద్దవాళ్ళ సంగతి తరవాత చూద్దాం. ఏడాది నిండని పసిపిల్లలు ఎవరూ ఆ ఇంట్లోకి రాకూడదు. ఆమెని గదిలో పెట్టినా సరే. ఆ గాలి అలాగే ఉంటుంది. అర్థమైందా? పసిపిల్లలకి ఇది చాలా చెడ్డది."

మా బావగారు జీవితమంతా గాలికి భయపడ్డారు. భయపడాల్సిన గాలి ఇప్పుడు వంటింట్లో ఉంది, కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

పసిపిల్ల ఉంది. లెంకా, ఆరు నెలలది, మా కూమ్ వుకాషిన్‌గారి మనవరాలు. కూమ్ అంటే పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడేవాడు, పుట్టిన బిడ్డని జ్ఞానస్నానంలో చేతుల్లో ఎత్తుకునేవాడు. బావగారి పెళ్ళికి ఆయనే, కలీనాకి ఆయనే. రక్తసంబంధం కాదు, దానికంటే గట్టిది. సొంత తమ్ముడితో మాటలు మానేసినవాళ్ళని చూశాను, కూమ్‌తో మానేసినవాళ్ళని చూడలేదు. ప్రతి స్లావాకి ఫాదర్ వచ్చి రొట్టె కోసి వెళ్ళాక ముందు అడుగు పెట్టేది వాళ్ళే. ఈ ఏడు బుజ్జిదాన్ని కూడా తెస్తాం అని నిన్ననే ఫోన్ చేశారు.

ముందుగదిలో స్లావా కొవ్వొత్తి వెలుగుతోంది. అది వెలుగుతుండగా ఇంటి పెద్ద అన్న మాట ప్రమాణంతో సమానం. ఫాదర్ అప్పుడే వెళ్ళారు. బావగారు తెల్ల చొక్కా, పెళ్ళినాటి కోటు వేసుకుని, బల్ల మీద సీసాలు వరసగా పెడుతున్నారు.

"బావగారూ, కలీనాకి తట్టు."

"ఎవరన్నారు?"

"జోరిత్సా. నోట్లో చుక్కలు నేను చూశాను. కూమ్‌గారికి ఫోన్ చెయ్యండి, పాపని తేవద్దని."

సీసా బల్ల మీద పెట్టారు, చప్పుడు కాకుండా, జాగ్రత్తగా. "ఫోన్‌లో నోట్లో చుక్కలు చూసిందా నీ జోరిత్సా?"

"నేను చూశాను అన్నాను."

"నువ్వు సాహిత్యం చదివావు, బిసెర్కా."

"నిజమే. అందులో పసిపిల్లలు ఎలా పోతారో చాలా రాశారు."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఈ రోజా? మా నాన్న నాకు అప్పగించిన కొవ్వొత్తి వెలుగుతుండగా? కూమ్‌కి ఫోన్ చేసి నా ఇంటికి రావద్దు అనాలా? ముప్ఫై ఏళ్ళుగా ఆ మనిషి ఈ గుమ్మం దాటుతున్నాడు. పిల్లకి గాలి తగిలింది. పళ్ళెం పట్టుకుని నిలబడి, తరవాత పడుకుంటుంది."

"పళ్ళెం పట్టుకోకూడదు ఆమె."

"ఇంకెవరు పట్టుకుంటారు? నువ్వా?"

మా ఆయన జివాదిన్ మూలన నిలబడి ఉన్నాడు. అన్నదమ్ముల మధ్య మాట వస్తే ఆయన సీసాల మూతలు లెక్కపెట్టే రకం. నా వైపు చూశాడు, అన్న వైపు చూశాడు, "ఫోన్ నేను చేస్తా," అన్నాడు. నా పెళ్ళయ్యాక ఆయన అన్నగారి మాట దాటడం అదే మొదలు. కూమ్‌గారి ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. అప్పటికే కారులో ఉన్నారన్నమాట. మా కూమ్‌గారు కారు నడిపేటప్పుడు ఫోన్ ఎత్తరు, ఇంటి వాళ్ళనీ ఎత్తనివ్వరు.

గేటు బయట హారన్ వినిపించింది.

ఓల్గిత్సక్క వంటింటి గుమ్మంలో నిలబడింది, చేతిలో గరిటె. నన్ను చూసి, "నువ్వెళ్ళు," అంది. "నా మాట ఆయన వినడు, వినడం ఎప్పుడో మానేశాడు. నువ్వెళ్ళు."

ఏప్రన్ విప్పే టైము కూడా లేదు. చెప్పులు లేకుండా వాకిట్లోకి పరిగెత్తాను. కూమ్ వుకాషిన్‌గారు కారు దిగి కోటు సర్దుకుంటున్నారు, చేతిలో సీసా, పువ్వులు. వెనక ఆయన కోడలు టియానా, తెల్ల ఉన్ని టోపీలో లెంకా.

"స్లావా శుభాకాంక్షలు, బిసెర్కా! చెప్పుల్లేకుండా వచ్చావేంటి, ప్రొమాయ తగుల్తుంది!" అని నవ్వారు.

నేను గేటు మూసి గొళ్ళెం పెట్టాను.

ఆ గొళ్ళెం చప్పుడు ఆ వీధిలో అందరికీ వినపడినట్టే నాకనిపించింది. ఎదురింటి వాళ్ళు కూడా మా ఇంటికే వస్తున్నారు, చేతుల్లో పువ్వులతో. వాళ్ళు అక్కడే ఆగిపోయారు.

"కూమ్‌గారూ, ఆగండి. లోపలికి రావద్దు. టియానా, నువ్వు కారెక్కు, అద్దాలు మూసుకో."

కూమ్‌గారి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. "ఏమైంది? ఎవరన్నా పోయారా?"

"లేదు. కలీనాకి..."

"బిసెర్కా!" బావగారు గుమ్మంలోంచి వచ్చేశారు. నేను ఈ ఇంటికి వచ్చాక నా పేరు ఆయన అలా పిలవడం ఎప్పుడూ వినలేదు. "గేటు తియ్యి."

"తియ్యను."

"నా గుమ్మం మూయడానికి నువ్వెవరు? ఈ రోజు? కూమ్ ముఖం మీద?"

"బావగారూ, చెప్పండి, చెప్పేసి తియ్యండి. మీరు చెప్పి ఆయన వస్తానంటే నేనే తీస్తా."

ఆయన నా పక్కనుంచి చెయ్యి చాపి గొళ్ళెం పట్టుకున్నారు. నా చెయ్యి కూడా దాని మీదే ఉంది. ఇద్దరం ఒక ఇనుప ముక్క కోసం పెనుగులాడుతున్నాం, నడి వాకిట్లో, పండగ బట్టల్లో. నాకు సిగ్గేసింది. వదల్లేదు.

టియానా పాపని ఛాతీకి అదుముకుంది. "మామయ్యా, పోదాం," అంది చిన్నగా. ఆమెకి ఏం జరుగుతోందో తెలియదు, కానీ తల్లి కదా, కాళ్ళు వెనక్కి వెళ్తున్నాయి.

కూమ్‌గారు మాత్రం కదల్లేదు. సీసా, పువ్వులు కారు మీద పెట్టారు. గేటుకి అటువైపు, బావగారి ముఖానికి మూరెడు దూరంలో నిలబడ్డారు.

"రదోయిట్సా. నేను నీ పెళ్ళిలో నీ పక్కన నిలబడ్డాను. నీ పిల్లని నీళ్ళలోంచి ఎత్తుకున్నాను. ఈవిడని నేను అడగను. నిన్ను అడుగుతున్నాను. లోపల కొవ్వొత్తి వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"అయితే చెప్పు. ఈ పసిదాన్ని నీ గుమ్మం దాటించమంటావా? నువ్వు రమ్మంటే వస్తాను. నీ మాట మీద వస్తాను."

బావగారు నోరు తెరిచారు. ఒక్క మాట. "రండి" అంటే చాలు. కూమ్‌గారు వచ్చేవారు. నాకు తెలుసు, వచ్చేవారు, కోడలు ఏడ్చినా సరే. ఈ మనుషులు అలాంటివాళ్ళు. నా వేళ్ళు గొళ్ళెం మీద తెల్లబడ్డాయి.

వెనక గుమ్మం తలుపు చప్పుడైంది.

కలీనా బయటికి వచ్చింది. చేతుల్లో ప్రసాదం పళ్ళెం, మధ్యలో చెంచాల గ్లాసు. నానమ్మ ఇచ్చి పంపింది, అతిథి గేటు దగ్గర నిలబడితే పళ్ళెం అక్కడికే వెళ్ళాలి కదా. మెట్లు దిగింది. జుట్టు వెనక్కి కట్టింది కాబట్టి, నవంబరు ఎండ నేరుగా ఆమె చెవుల వెనక పడింది. అక్కడ, మెడ మీదికి, ఎర్రగా దద్దు మొదలైంది. పొద్దున లేదు.

సగం వాకిట్లో ఆగింది. టియానా చేతుల్లో తెల్ల టోపీ చూసింది. లెంకా అంటే కలీనాకి ప్రాణం, ప్రతి ఆదివారం వెళ్ళి ఆడిస్తుంది. పోయిన ఆదివారం మాత్రం మర్నాడు పరీక్ష ఉందని వెళ్ళలేదు. దేవుడున్నాడని నేను నమ్మేది ఇలాంటి పరీక్షల వల్లే.

ఆమె ముందుకి రాలేదు. రెండడుగులు వెనక్కి వేసింది. పళ్ళెంలో చెంచాలు గలగలమన్నాయి.

"నాన్నా," అంది. గొంతు బొంగురుపోయింది. "నేను దాని దగ్గరికి రాను. నువ్వు రమ్మని అనకు."

బావగారు తిరిగి చూశారు. చాలాసేపు చూశారు. ముక్కు దగ్గర అద్దం పెట్టి ఊపిరి చూసుకున్న మనిషి అలాగే చూస్తారు కాబోలు.

గొళ్ళెం మీంచి చెయ్యి తీశారు. నాలుగడుగులు నడిచి వెళ్ళి కూతురి చేతుల్లోంచి పళ్ళెం తీసుకుని మెట్టు మీద పెట్టారు. ఆమె నుదుటి మీద అరచెయ్యి వేశారు, తీశారు, మళ్ళీ వేశారు. ఓల్గిత్సక్క వచ్చి పిల్లని లోపలికి తీసుకెళ్ళింది.

అప్పుడు ఆయన ఆ మెట్టు మీదే కూర్చున్నారు.

స్లావా రోజు ఇంటి పెద్ద కూర్చోడు. మా మామగారు ఆపరేషన్ కుట్లతో కూడా నిలబడ్డారట. వీధిలో పువ్వులు పట్టుకుని ఆగిన వాళ్ళు, గుమ్మంలోకి వచ్చిన అత్తగారు, కారు పక్కన టియానా, అందరూ చూస్తున్నారు. ఆయన తల ఎత్తి, అందరికీ వినపడేలా, మీటింగ్‌లో మాట్లాడిన ఆ గొంతుతోనే అన్నారు.

"కూమ్, రాకు. పాపని ఇంటికి తీసుకెళ్ళు. నా పిల్లకి గాలి తగల్లేదు. తట్టు. టీకా వేయించమన్నారు, నేను వద్దన్నాను. నాదే తప్పు."